6 లక్షల 40 వేలు తిరిగిన లారీ కొనొచ్చా?

ప్రశ్న: బాబాయి గారికి నమస్కారం. మాది గుంటూరు, ఏటుకూరు రోడ్డు. మా ఆయన 14 ఏళ్ళుగా లారీ డ్రైవరు. అందులో చివరి ఆరేళ్ళు ఒకే ఓనరు దగ్గర, ఒకే బండి. పది టైర్లది, 2018 మోడల్, బీఎస్-4 (పాత పొగ ప్రమాణం). సీజన్‌లో మిర్చి యార్డు నుంచి టిక్కీలు (మిర్చి బస్తాలు) నాగపూర్, ముంబై వైపు వేస్తారు. సీజన్ లేనప్పుడు పల్నాడు నుంచి సిమెంటు. ఇప్పుడు ఓనరు గారు హైదరాబాద్‌లో పిల్లల దగ్గరికి వెళ్ళిపోతూ బండి అమ్మేస్తున్నారు. ‘బయటివాళ్ళకిచ్చే రేటు కన్నా లక్ష తగ్గిస్తాను, నువ్వే తీసుకో’ అన్నారట. మీటరు 6,40,000 కిలోమీటర్లు చూపిస్తోంది. మా ఆయనేమో ఇంజన్ గుండులా ఉంది, ఇంకో ఐదు లక్షలు చూసుకోనక్కర్లేదు అంటారు. మా తమ్ముడు విజయవాడలో స్పేర్ పార్ట్స్ షాపులో పనిచేస్తాడు. వాడు ‘ఆరు లక్షలు దాటితే ఇంజన్ పనైపోయినట్టే, ఫైనాన్స్‌లో కొత్త బీఎస్-6 తీసుకోండి’ అంటాడు. డబ్బు నా బంగారం మీద తేవాలి. ట్రిప్పు ఖర్చులు, డీజిల్ చీటీలు మొదటినుంచీ నేనే నోటు పుస్తకంలో రాస్తున్నాను కాబట్టి బండి గురించి నాకూ కొంత తెలుసు. కానీ ఇంజన్ సంగతి తెలియదు. అసలు లారీ ఇంజన్ ఎంతకాలం వస్తుంది? ఎందుకు పాడవుతుంది? బావాబామ్మర్దులిద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. టెన్షన్‌గా ఉంది.
— ఒక సోదరి, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు మీ తమ్ముడి మాట తేల్చేద్దాం. ఆరు లక్షలకి ఇంజన్ అయిపోతుందని ఎక్కడా రాసిపెట్టి లేదు. అలాగని మీవారన్న ఐదు లక్షలకూ ఎవరూ పూచీ పడలేరు. ఇద్దరూ మీటరు చూసి మాట్లాడుతున్నారు. మీటరు చెప్పేది చక్రాలు ఎంత దొర్లాయన్నది. ఇంజన్ ఎంత కష్టపడిందన్న లెక్క దాంట్లో ఉండదు. ఆ లెక్క చాలావరకు మీ దగ్గరే ఉంది, మీ నోటు పుస్తకంలో. అక్కడికి తర్వాత వస్తాను.

ఇంజన్ కంపెనీలు బి-10 అని ఒక లెక్క పెట్టుకుంటాయి. వంద ఇంజన్లు రోడ్డు మీదికి వదిలితే, అందులో పదింటికి పెద్ద పని పడేసరికి ఎన్ని కిలోమీటర్లయ్యాయి అన్నది బి-10. సగం ఇంజన్లకి పని పడేసరికి ఎంతయిందన్నది బి-50. అంటే తయారుచేసినవాడు కూడా ‘ఈ ఇంజన్ ఇంత వస్తుంది’ అనడు, వందలో ఎన్ని అంతదాకా వస్తాయో చెబుతాడు. అమెరికాలో ట్రెయిలర్లు లాగే 13, 15 లీటర్ల ఇంజన్లకి పది లక్షల మైళ్ళు, మన లెక్కలో 16 లక్షల కిలోమీటర్లు అని గొప్పగా చెప్తారు. నిజమే, వస్తాయి. అవి పెద్ద ఇంజన్లు, పొద్దున ఎక్కిన హైవే మీద సాయంత్రం దాకా ఒకే వేగంలో, తక్కువ ఆర్‌పీఎంలో పోతుంటాయి. మన పది టైర్ల బండికి ఉండేది ఆరు లీటర్లు, కాస్త అటూ ఇటూ. నేను విజయవాడ ఆటోనగర్‌లో 34 ఏళ్ళు ఇంజన్లు విప్పాను. మన బండ్లలో బాగా చూసుకున్నవి ఎనిమిది నుంచి పది లక్షల దాకా హెడ్డు (సిలిండర్ల పై మూత) తియ్యకుండా తిరగడం చూశాను. పన్నెండు లక్షలు దాటినవి రెండు నాకు గుర్తున్నాయి. మూడు, మూడున్నర లక్షలకే బోరుకొచ్చి (సిలిండర్లు అరిగిపోయి) నా షెడ్డు ముందు ఆగినవి మాత్రం లెక్కపెట్టలేదు. అన్నీ ఒకే కంపెనీ, ఒకే మోడల్.

మరి తేడా ఎక్కడొచ్చింది? నన్నడిగితే మొదటి దోషి దుమ్ము, రెండోది వేడి. మిగతావన్నీ వాటి తర్వాతే.

దుమ్ము సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ బండి పల్నాడులో సిమెంటు వేస్తుందన్నారు. చాలా ఏళ్ళ కిందట పిడుగురాళ్ళ సున్నపు బట్టీల వైపు తిరిగే ఒక బండికి నేనే ఫుల్ ఇంజన్ పని చేశాను. కొత్త పిస్టన్లు, కొత్త లైనర్లు (పిస్టన్ ఆడే గొట్టాలు), రింగులు, బేరింగులు, క్రాంకు గ్రైండింగు, అన్నీ. మూడు నెలలు తిరక్కముందే ఆయిల్ తాగుతోందని ఓనరు వెనక్కి తెచ్చాడు. వందమందిలో నిలబెట్టి తిట్టాడు. నేనూ రింగులు అమ్మిన షాపువాడిని తిట్టుకున్నాను. విప్పి చూస్తే టాప్ రింగు అంచు బ్లేడులా పదునెక్కి ఉంది, చెయ్యి కోసుకుంటుందేమో అన్నట్టు. లైనరు లోపల ఆయిల్ నిలవడానికి సన్నటి అడ్డదిడ్డ గీతలు ఉంటాయి. అవన్నీ అరిగి గోడ అద్దంలా మెరుస్తోంది. రింగులు నాసిరకమైతే అరుగుడు ఇలా ఉండదు. అప్పుడు ఎయిర్ క్లీనరుకీ టర్బోకీ (ఇంజన్‌లోకి గాలి నెట్టేది) మధ్యనుండే రబ్బరు పైపులో వేలు పెట్టి తుడిచాను. వేలికి తెల్లగా, మెత్తగా సున్నం అంటుకుంది. పైపు బిగించే క్లాంపు వదులైంది. ఫిల్టరు కొత్తదే, కానీ గాలి ఫిల్టరు గుండా పోకుండా ఆ సందులోంచి పోతోంది. క్లాంపు ఖరీదు ఆ రోజుల్లో పాతిక రూపాయలు ఉండేదేమో. ఆ క్లాంపు బిగించింది నేనే. ఆ తిట్లు నాకు రావలసినవే. రెండోసారి కూలి తీసుకోకుండా పని చేశాను, సామాను డబ్బు సగం నేనే పెట్టుకున్నాను.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, డీజిల్ ఇంజన్ నాశనమవడానికి తట్టెడు దుమ్ము అక్కర్లేదు, గుప్పెడు కూడా ఎక్కువే. ఫిల్టరు దాటి లోపలికి పోయిన దుమ్ము ఆయిల్‌లో కలిసి, రింగులకీ లైనరుకీ మధ్య సానపొడి పని చేస్తుంది. కాబట్టి మీవారిని అడగాల్సిన మొదటి ప్రశ్న: ఎయిర్ ఫిల్టరు ఎన్ని రోజులకోసారి ఊదిస్తారు? వారం వారం కంప్రెసరు గాలి పెట్టి ఊదిస్తాను అని గర్వంగా చెబితే సంతోషించకండి. ఆ గాలికి కాగితం మడతలు చిరుగుతాయి, కంటికి కనబడని చిల్లులు పడతాయి. పదే పదే విప్పి బిగిస్తే రబ్బరు సీలు కూడా వదులవుతుంది. ఫిల్టరు కొంచెం మురికిగా ఉన్నప్పుడే నిజానికి బాగా వడపోస్తుంది. ఎయిర్ క్లీనరు మీద ఉండే ఇండికేటర్ ఎరుపు చూపించినప్పుడు, లేదా డాష్‌బోర్డులో లైటు వెలిగినప్పుడు మార్చడమే. లోపల ఇంకో చిన్న ఫిల్టరుంటుంది, దాన్ని ఊదనేకూడదు, మార్చడం తప్ప.

ఇక వేడి. మే నెలలో మన విజయవాడ, గుంటూరు ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. కానీ ఇంజన్ వేడెక్కేది ఎండ వల్ల అనుకుంటే పొరపాటు. బాగున్న రేడియేటరుకి మన ఎండ లెక్కలోది కాదు. మిర్చి యార్డులో తిరిగే బండ్ల రేడియేటరు ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? ముందు ఇంటర్‌కూలరు (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది), వెనక రేడియేటరు ఉంటాయి. రెండింటి మధ్యా రెండు వేళ్ళ సందు. మిరప తొక్కు, గింజల పొడి, పత్తి మిల్లుల వైపు పోతే దూది, అన్నీ వచ్చి ఆ సందులో చాపలా అల్లుకుంటాయి. బయటినుంచి చూస్తే ముందువైపు శుభ్రంగానే ఉంటుంది. ఇంటర్‌కూలరు విప్పితే తప్ప బయటపడదు. మిర్చి బండి కాబట్టి విప్పేటప్పుడు మెకానిక్కు తుమ్మి తుమ్మి చస్తాడు, అందుకే విప్పడు కూడా!

రెండో తప్పు నీళ్ళు. రేడియేటరులో పోయవలసింది కూలెంటు కలిపిన శుభ్రమైన నీళ్ళు. మనవాళ్ళు దాబా దగ్గర బోరు నీళ్ళు పోస్తారు. ఆ నీళ్ళలోని సున్నం ఇంజన్ లోపల, సిలిండరు చుట్టూ, గిన్నెకి పట్టినట్టు పొరగా పడుతుంది. ఆ పొర దాటి వేడి బయటికి రాదు. గేజి మామూలుగానే చూపిస్తుంది, లోపల లైనరు మాత్రం కాలుతూ ఉంటుంది. కూలెంటు లేని ఇంజన్లలో ఇంకో విచిత్రం. కొన్ని ఇంజన్లలో లైనరు చుట్టూ నేరుగా నీళ్ళు తిరుగుతాయి. పేలుడు జరిగినప్పుడల్లా లైనరు సన్నగా కంపిస్తుంది. ఆ కంపనానికి నీళ్ళలో బుడగలు పుట్టి పగులుతూ ఇనుముని కొరుకుతాయి. కొన్నేళ్ళకి లైనరు బయటివైపు చెదలు తిన్న చెక్కలా గుంటలు పడుతుంది. ఏదో ఒక రోజు చిల్లి పడి నీళ్ళు ఆయిల్‌లోకి దిగుతాయి. కూలెంటులో ఉండే మందు దాన్నే ఆపుతుంది.

ఇంకోటి, బండి వేడెక్కుతోందంటే మొదట థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటరుకి పోనివ్వని వాల్వు) పీకి పారేసే మెకానిక్కులు మన దగ్గర ఉన్నారు. నేనూ చిన్నప్పుడు పీకాను, మా మేస్త్రి అలాగే నేర్పాడు. తప్పు. ఇంజన్ 80 డిగ్రీల దరిదాపుల్లో పనిచేయాలని చేసిన వస్తువు. థర్మోస్టాట్ తీసేస్తే చలికాలం తెల్లవారుజామున గంటసేపైనా వేడెక్కదు, చల్లటి ఇంజన్‌లో డీజిల్ సరిగ్గా మండక గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. వేసవిలోనైనా లాభం ఉంటుందా అంటే, కొన్ని ఇంజన్లలో నీళ్ళు రేడియేటరు వైపు పోకుండా పక్కదారిలోంచే తిరిగి ఇంకా వేడెక్కుతుంది. ఓనరు గారి బండిలో అది ఉందో లేదో చూడండి.

ఒక్కసారి ఇంజన్ ఉడికినా దాని ప్రభావం ఉండిపోతుంది. అందుకని మీవారిని రెండో ప్రశ్న సూటిగా అడగండి: ఈ ఆరేళ్ళలో బండి ఎన్నిసార్లు ఉడికింది, ఉడికినప్పుడు ఏం చేశారు? దోర్నాల ఘాటులో ఒకసారి ఉడికింది, ఆపి, ఇంజన్‌ని ఐడిల్‌లో (ఊరికే తిరుగుతూ) ఉంచి చల్లారనిచ్చి, కాస్త కాస్తగా నీళ్ళు పోశాను అంటే పర్వాలేదు. ఉడుకుతున్నదాని మీద చల్లటి నీళ్ళు కుమ్మరించి మళ్ళీ లాగించాను అంటే, హెడ్డు వంకర పోయి ఉండొచ్చు.

ఆయిల్ గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే ఈ రోజుల్లో ఆయిల్ మార్చనివాళ్ళు తక్కువ. గడువు బండిని బట్టి ఉంటుంది. పాత బండ్లకి 16, 18 వేలకి మార్చేవాళ్ళం. ఇప్పుడు కొన్నింటికి లక్ష కిలోమీటర్లకి ఒకసారి చాలని కంపెనీయే చెబుతోంది. అది కంపెనీ చెప్పిన గ్రేడు పోసినప్పుడు. లూజు ఆయిల్ పోసి లక్ష తిప్పితే ఇంజన్ దండుగ. మీ పుస్తకంలో ఆయిల్ మార్చిన తేదీలు, బిల్లులు ఉంటే వరుసగా రాసుకోండి. ఒకటి రెండు చోట్ల ఖాళీ కనిపిస్తే ఫర్వాలేదు. కోవిడ్ టైంలో, బేరాలు లేనప్పుడు ఏడాదిపాటు ఖాళీ ఉందంటే మాత్రం అడగండి.

ఇప్పుడు మీ నోటు పుస్తకం. ఇంజన్ అరుగుదలని కిలోమీటర్లతో కన్నా తాగిన డీజిల్‌తో కొలవడం మేలు. ఇంజన్ చేసిన పనంతా ఆ డీజిల్‌లోంచి వచ్చిందే. లీటరుకి 4 కిలోమీటర్లిచ్చిన బండి 6,40,000 తిరిగితే 1,60,000 లీటర్లు కాల్చినట్టు. అదే మీటరుతో ఇంకో బండి 3 మాత్రమే ఇచ్చిందనుకోండి, 2,13,000 లీటర్లు. తేడా 53,000 లీటర్లు. మొదటి బండి లెక్కన అది రెండు లక్షల కిలోమీటర్ల పైచిలుకు పని. మీటరు ఒకటే, రెండో ఇంజన్ వయసు ఎనిమిదిన్నర లక్షలు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ నుంచి బూడిద తోలే బండ్లూ, ఇసుక బండ్లూ తక్కువ మీటరుతో అమ్మకానికి వస్తాయి, చూడముచ్చటగా ఉంటాయి. వాటి డీజిల్ లెక్క చూస్తే కళ్ళు తిరుగుతాయి. మీ బండిది మిర్చి. టిక్కీలు చోటు ఎక్కువ తింటాయి, సిమెంటంత బరువు తూగవు. మీ పుస్తకంలో ఆరేళ్ళ డీజిల్ కూడి, ఆరేళ్ళ కిలోమీటర్లతో భాగించండి. నాలుగు దగ్గర తేలితే ఈ మీటరుని నేను చూసి భయపడను. ఏడాది వారీగా కూడా వేయండి. నాలుగున్నర ఇచ్చేది మెల్లమెల్లగా మూడుముప్పావుకి దిగిందా? అలాగైతే నాజిల్స్ (డీజిల్ చిమ్మేవి), టర్బో, రింగులు, ఎక్కడో ఒకచోట జబ్బు మొదలైంది. ఇది మీవారికన్నా మీకే ముందు తెలుస్తుంది.

పుస్తకంలో కనబడనిది ఐడిలింగు. యార్డు ముందు లైన్లో, కాజ టోల్‌గేటు దగ్గర, అన్‌లోడింగుకి నిలబెట్టి ఫ్యాను కోసం ఇంజన్ ఆన్ చేసి పడుకున్న రాత్రులు మీటరుకి పట్టవు. గంట ఐడిలింగు అంటే నలభై, యాభై కిలోమీటర్లు తిరిగినట్టే అని మాకొక మోటు లెక్క ఉంది. పైగా ఐడిల్‌లో ఇంజన్ చల్లగా ఉండి మసి ఎక్కువ పడుతుంది. మీది ఎలక్ట్రానిక్ ఇంజన్ అయితే మొత్తం ఎన్ని గంటలు తిరిగింది, ఎన్ని గంటలు ఊరికే తిరిగింది, ఎంత డీజిల్ తాగింది అన్నవి కంప్యూటరులో ఉంటాయి. షోరూములో ల్యాప్‌టాప్ తగిలిస్తే చెబుతారు. మీటరు వెనక్కి తిప్పారా అన్నదీ అక్కడే చాలాసార్లు బయటపడుతుంది. ఆరేళ్ళు మీవారే తోలారు కాబట్టి మీకు ఆ అనుమానం ఉండదు, అంతకుముందు సంగతికి పనికొస్తుంది.

ఓవర్‌లోడు మాట మీరు రాయలేదు. రాయకపోవడం సహజమే! 2018 జూలైలో కేంద్రం పది టైర్ల బండి మొత్తం బరువుని 25 టన్నుల నుంచి 28.5 టన్నులకి పెంచింది. మీ బండి ఆ ఏడాదిదే కాబట్టి ఆర్‌సీలో ఏది ఉందో చూడండి. ఆ పై బరువు వేసిన ట్రిప్పులు పదిలో ఎన్ని? బరువు కన్నా, బరువుతో ఎక్కు దగ్గర గేరు దించకుండా ఈడ్చడం ఇంజన్‌కి చేటు. తక్కువ ఆర్‌పీఎంలో ఇంజన్ ‘డగ్ డగ్’మని కొట్టుకుంటుంటే బేరింగుల మీద పడే దెబ్బ అంతా ఇంతా కాదు. దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదలడం ఇంకో జబ్బు. డీజిల్ మిగులుతుందనుకుంటారు. ఈ కాలం ఇంజన్ గేరులో దిగుతుంటే డీజిల్ పూర్తిగా ఆపేస్తుంది, న్యూట్రల్‌లోనే తాగుతుంది. బ్రేకులు కాలిపోయే ప్రమాదం సరేసరి.

మీవారు మంచి డ్రైవరే అయ్యుంటారు. అయినా ఒక మాట. ఆరేళ్ళు తోలిన బండి మీద ప్రేమ ఉంటుంది. ఇంజన్ శబ్దం రోజుకింత మారుతుంటే రోజూ వినేవాడికి ఆ మార్పు తెలియదు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళే ‘ఏంటి బావా చిక్కిపోయావు’ అనేది. కాబట్టి ఆ బండి మీద ఎప్పుడూ చెయ్యి పెట్టని మెకానిక్కుని ఒకరిని తీసుకెళ్ళండి. మీ తమ్ముడినీ వెంట తీసుకెళ్ళండి, స్పేర్ పార్ట్స్ షాపులో పనిచేసేవాడికి ఏ సామాను ఎన్నిసార్లు ఎవరు కొన్నారో తెలుస్తుంది. ఇద్దరి మధ్యా మాటలు కూడా అక్కడే కలుస్తాయి.

వెళ్ళేది తెల్లవారుజామున. ముందురోజు రాత్రి నుంచీ స్టార్ట్ చెయ్యొద్దని ఓనరు గారితో మర్యాదగా చెప్పండి. స్టార్ట్ చేసే ముందు ఆయిల్ గేజి తీసి చూడాలి, రేడియేటరు మూత తీసి లోపల చూడాలి. ఆయిల్ మజ్జిగలా తెల్లగా ఉన్నా, నీళ్ళ మీద ఆయిల్ జిడ్డు తేలుతున్నా అక్కడితో ఆపేసి ఇంటికొచ్చేయండి. బాగుంటే స్టార్ట్ చెయ్యమనండి. చల్లటి ఇంజన్‌కి మొదటి నిమిషం కాస్త తెల్లపొగ రావచ్చు, వేడెక్కాక పోవాలి. పోకుండా నీలంగా వస్తూనే ఉంటే ఆయిల్ కాలుతోంది. ఎక్సిలరేటరు తొక్కినప్పుడు నల్లగా దట్టంగా వస్తే గాలి చాలడం లేదు లేదా నాజిల్స్ పోయాయి, అది ఇంజన్ పని కన్నా చిన్నదే.

బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే చోట మూత తీసి, దాన్నే తిరగేసి ఆ రంధ్రం మీద ఊరికే పెట్టమనండి. కొంచెం కదలడం మామూలే. గంతులేసి కిందపడిందంటే బ్యాక్ కంప్రెషన్ ఉంది, రింగులు దాటి గాలి కిందికి దిగుతోంది. బోరుకొచ్చిందనడానికి ఇది పాత పరీక్ష, ఇప్పటికీ పనికొస్తుంది. తర్వాత ఇంజన్ ఆపి, నేను ముందు చెప్పిన రబ్బరు పైపు విప్పించి తెల్లటి గుడ్డతో లోపల తుడిపించండి. ఆ గుడ్డ మీరే పట్టుకెళ్ళండి. తుడిచాక తెల్లగా ఉంటే నాకు సగం ధైర్యం. హెడ్డు బోల్టుల చుట్టూ, సంపు (కింది ఆయిల్ తొట్టి) అంచుల్లో కొత్త గమ్ము కనిపిస్తోందా కూడా చూడమనండి. కనిపిస్తే ఈ ఇంజన్ ఒకసారి విప్పారన్నమాట. విప్పడం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు.

అన్నిటికన్నా మంచిది ఆయిల్ పరీక్ష. మనిషికి రక్తపరీక్ష లాంటిదే. వేడిమీద ఉన్నప్పుడు ఆయిల్ శుభ్రమైన సీసాలోకి కొంచెం తీసి ల్యాబుకి పంపాలి. పెద్ద ఆయిల్ కంపెనీల డీలర్ల ద్వారా పంపే వీలుంటుంది. రిపోర్టులో సిలికాన్ ఎక్కువుంటే దుమ్ము లోపలికి పోతోంది, సోడియం ఉంటే కూలెంటు కలుస్తోంది, ఐరన్ అంటే లైనర్లు, క్రాంకు లాంటి ఇనుప సామాను అరుగుతోంది, లెడ్ అంటే చాలావరకు బేరింగులు. బంగారం కుదువ పెట్టే ముందు ఈ ఖర్చు ఒక ఖర్చు కాదు.

ఇక మీ తమ్ముడన్న బీఎస్-6. అది 2020 ఏప్రిల్ నుంచి వచ్చింది. ఇంజన్‌గా మంచిదే, డీజిల్‌లో గంధకం కూడా బాగా తగ్గింది, ఆయిల్ గడువు పెరగడానికి అదీ ఒక కారణం. కానీ పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టరు, దాని వెనక పొగని శుభ్రం చెయ్యడానికి యూరియా ద్రావణం కొట్టే డబ్బా, బోలెడన్ని సెన్సార్లు ఉంటాయి. దూరపు హైవే ట్రిప్పులకి అది హాయిగా పనిచేస్తుంది. ఊళ్ళో ఆగి ఆగి తిరిగే బండికి మసి కాలేంత వేడి రాక ఫిల్టరు పూడుకుంటుంది. యూరియా దగ్గర ఇంకో కక్కుర్తి చూశాను. అందులో పోయాల్సింది 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీళ్ళు. పొలానికి వేసే యూరియా బస్తా కరిగించి పోసిన ఘనులున్నారు. మన దగ్గర 2015 నుంచి పొలం యూరియాకంతా వేపనూనె పూత ఉంటోంది. ఆ నూనె, మట్టి పోయి ఆ ఖరీదైన డబ్బా అంతా పట్టేస్తుంది. మీది బీఎస్-4 అయినా యూరియా పోసే రకమైతే ఇదే జాగ్రత్త మీకూ వర్తిస్తుంది. యూరియా పడకుండా కట్ చేయించిన బండి అయితే అసలు వద్దు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) లోనూ ఇబ్బందే.

నా దృష్టిలో మొదటిసారి ఓనరయ్యేవాళ్ళకి నెలనెలా పెద్ద వాయిదా ఉన్న కొత్త బండి కన్నా, చరిత్ర తెలిసిన పాత బండి నయం. మిర్చి సీజన్ ఐదారు నెలలు, వాయిదా పన్నెండు నెలలు. కానీ పాత బండి కొంటే దాని ధర ఒక్కటే ధర అనుకోకండి. ఈ రోజు ఆటోనగర్‌లో ఆరు సిలిండర్ల ఇంజన్‌కి పూర్తి పని అంటే రెండున్నర, మూడు లక్షలు చేతిలో ఉండాలి. లైనరు విడిగా ఉండే ఇంజన్ అయితే లైనరు మార్చుకుంటే పోతుంది. బ్లాకులోనే బోరు ఉండే రకమైతే బోరు కొట్టించాలి, ఇంకాస్త ఎక్కువ. మీ బండి ఏ రకమో మీ తమ్ముడికి తెలుస్తుంది. ఆ డబ్బు పక్కన పెట్టుకోగలిగితేనే బేరానికి దిగండి. లేదంటే ఓనరు గారు తగ్గిస్తానన్న లక్ష కాక ఇంకో లక్ష తగ్గించమని అడగండి. ఆరేళ్ళు నమ్మకంగా తోలినవాడు అడిగితే తప్పు లేదు. ఫైనాన్స్ ఏదైనా ఉంటే ఎన్‌ఓసీ, పన్ను, పర్మిట్, ఇన్సూరెన్స్ చూసుకోవడం మామూలే. 2018 బండికి 2026తో ఎనిమిదేళ్ళు నిండుతాయి, ఆ తర్వాత ఎఫ్‌సీ ఏటేటా చేయించాలి. ఆ ఖర్చు కూడా పుస్తకంలో ఒక గీత.

డీజిల్ లెక్క వేసి, తెల్లగుడ్డ పరీక్ష, మూత పరీక్ష అయ్యాక నాకు మళ్ళీ రాయండి. ఆయిల్ రిపోర్టు వస్తే సిలికాన్, సోడియం, ఐరన్, లెడ్ ఎదురుగా ఉన్న అంకెలు పంపండి. ఆ ఆయిల్ పోసి శాంపిల్ తీసిన రోజుకి ఎన్ని కిలోమీటర్లయిందో తప్పకుండా రాయండి, అది లేకపోతే ఆ అంకెలు చూసి నేను ఏమీ చెప్పలేను.